అమ్మకు కరెంటు పెట్టించకూడదా?

క్యాన్సర్‌పై పాఠకుల ప్రశ్నలకు వైద్యుడి జవాబులు

ప్రశ్న: మా అమ్మకు 57 ఏళ్లు. ఆరు నెలలుగా పొట్ట ఉబ్బరంగా ఉంటోందని, రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోతోందని అంటుంటే గ్యాస్ అనుకుని మాత్రలు తెచ్చి ఇస్తూ వచ్చాం. దసరా వెళ్లాక పొట్ట బాగా పెరిగి, చీర కుచ్చిళ్లు నిలవడం లేదని తనే చెప్పింది. స్కానింగులో రెండు ఓవరీల్లోనూ గడ్డలు, పొట్టలో నీరు కనిపించాయి. సీఏ-125 అనే, ఓవరీ క్యాన్సర్‌లో పెరిగే ప్రొటీన్‌ను కొలిచే రక్తపరీక్షలో 1,640 వచ్చింది. ఓవరీ క్యాన్సర్, మూడో దశలో ‘సి’ అన్నారు. ముందు మూడు కీమోలు, తరవాత ఆపరేషన్, ఆపైన మళ్లీ మూడు కీమోలు అని చెప్పారు. అమ్మ ఒప్పుకోవడం లేదు. నాలుగేళ్ల కిందట మా పెద్దమ్మకు గర్భసంచి క్యాన్సర్ వస్తే ఆపరేషన్ కూడా లేకుండా 25 రోజులు కరెంటు (రేడియేషన్) పెట్టి నయం చేశారు. ఆమెకు జుట్టు కూడా ఊడలేదు. ‘అక్కకు పెట్టిన కరెంటే నాకూ పెట్టించండి, ఆ సెలైన్లు నాకొద్దు’ అంటోంది. మామయ్య కూడా అదే మాట. డాక్టరు గారిని అడిగితే దీనికి రేడియేషన్ పనికిరాదని ఒక్క మాట చెప్పి పంపేశారు. ఎందుకు పనికిరాదో దయచేసి వివరంగా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: మీ డాక్టరు గారు చెప్పిన వరసే సరైనది. అయితే ‘పనికిరాదు’ అన్న ఆ ఒక్క మాట వెనుక యాభై ఏళ్ల ప్రయత్నం, వైఫల్యం, అనుభవం ఉన్నాయి. వాటిలో కొంతైనా తెలిస్తే మీ అమ్మగారితో మాట్లాడడం మీకు తేలికవుతుంది కాబట్టి ఈసారి జవాబు కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందుగా మీ పెద్దమ్మగారి సంగతి. మన ఇళ్లలో ‘గర్భసంచి క్యాన్సర్’ అనే ఒక్క పేరునే మూడు వేర్వేరు జబ్బులకు వాడేస్తుంటారు: గర్భాశయ ముఖద్వారంలో వచ్చేది, గర్భాశయం లోపలి పొరలో వచ్చేది, అండాశయాల్లో, అంటే ఓవరీల్లో వచ్చేది. ఆపరేషన్ లేకుండా 25 సిట్టింగుల రేడియేషన్‌తో తగ్గిందంటే ఆమెకు వచ్చింది దాదాపుగా ముఖద్వార క్యాన్సరే అయి ఉంటుంది. ఆ జబ్బు చాలాకాలం పుట్టిన చోటనే ఉండి, పక్కనున్న కండరానికి, కటి భాగంలోని లింఫు గ్రంథులకు మెల్లగా పాకుతుంది. అది ఎంతవరకు పాకిందో గీత గీసి చూపించవచ్చు, ఆ గీత లోపల సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఒకసారి చొప్పున అయిదు వారాల్లో 45 నుంచి 50 గ్రేల కిరణాలు ఇవ్వవచ్చు, చివర్లో లోపలి నుంచి పెట్టే బ్రాకీథెరపీతో మిగిలిన గడ్డను కూడా మాడ్చేయవచ్చు. గ్రే అంటే శరీరం పీల్చుకున్న రేడియేషన్‌కు కొలత.

మీరు ఒక పని చేయండి. పెద్దమ్మగారి పాత ఫైలు ఇంట్లోనే ఉంటే బయటికి తీసి, రేడియేషన్ కార్డు వెనకాల ఉన్న కాగితాలు చూడండి. వారానికి ఒకటి చొప్పున అయిదారు తేదీలు, వాటి ఎదురుగా సిస్‌ప్లాటిన్ అనే పేరు బహుశా కనిపిస్తాయి. అది కీమోనే, ఎక్కించేది సెలైన్‌లోనే. ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ కలిపి ఇస్తే ఎక్కువమంది బతుకుతున్నారని అయిదు పెద్ద పరీక్షల్లో తేలడంతో 1999లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వైద్యులందరికీ ప్రత్యేకంగా కబురు పంపింది; అప్పటి నుంచి లోకమంతటా అదే పద్ధతి. ఆ మోతాదులో సిస్‌ప్లాటిన్‌కు జుట్టు పెద్దగా ఊడదు, అందుకే మీ ఇంట్లో దాన్ని ఎవరూ కీమోగా లెక్కపెట్టి ఉండరు. ఆమెకు నయం చేసింది కరెంటు ఒక్కటే కాదని మీ అమ్మగారికి ఆ కాగితం చూపిస్తే, నా జవాబు మొత్తం చదివి వినిపించిన దానికన్నా ఎక్కువ పని జరగవచ్చు.

ఇక ఓవరీ క్యాన్సర్ నడక వేరు. అండాశయాలు పొట్ట లోపలి ఖాళీలో వేలాడుతూ ఉంటాయి. వాటి మీదో, పక్కనున్న ఫాలోపియన్ నాళం కొసలోనో పుట్టిన క్యాన్సర్ కణాలు పండిన గింజల్లా రాలి పొట్టలోని ద్రవంలో పడతాయి. మనం ఊపిరి పీల్చి వదిలే ప్రతిసారీ ఆ ద్రవం కదులుతూ పైకి వెళ్లి కాలేయం చుట్టూ, దాని పైన ఛాతీకీ పొట్టకూ మధ్య అడ్డుగా ఉన్న డయాఫ్రమ్ అనే కండరం అడుగున, పేగుల మడతల్లో, పేగుల ముందు అప్రాన్‌లా వేలాడే ఒమెంటమ్ అనే కొవ్వు పొర మీద ఆ గింజలను చల్లుకుంటూ పోతుంది. ఆపరేషన్ బల్ల మీద పొట్ట తెరిచినప్పుడు చాలామందిలో కనిపించేది ఒక గడ్డ కాదు. పొట్ట లోపలి పొరంతా బొంబాయి రవ్వ చల్లినట్టు ఉంటుంది, అక్కడక్కడ ఆ రవ్వ ఉండలు కట్టి ఉంటుంది. మూడో దశ ‘సి’ అంటే కటి భాగం దాటి పైపొట్టలో రెండు సెంటీమీటర్ల కంటే పెద్ద ఉండలు ఉన్నాయని అర్థం. మీ అమ్మగారి పొట్టలో చేరిన నీరు కూడా ఆ రవ్వ ఊరించిన నీరే.

ఇప్పుడు లెక్క చూడండి. కంటికి కనిపించే గడ్డను రేడియేషన్‌తో చంపాలంటే 60 గ్రేలో అంతకు పైనో కావాలి. కంటికి ఆనని కణాలకైనా 45 నుంచి 50 గ్రేలు కావాలి. మీ అమ్మగారి విషయంలో ఆ మోతాదు ఇవ్వవలసిన చోటు డయాఫ్రమ్ నుంచి తొడల మొదలు దాకా ఉన్న మొత్తం పొట్ట. అంత చోటుకు చిన్న చిన్న మోతాదులుగా ఇచ్చినా 25, 30 గ్రేలు దాటితే పేగులు తట్టుకోవు, కాలేయమూ తట్టుకోదు. కిడ్నీలు ఇంకా సుకుమారం, 20 గ్రేల లోపే వాటి పని దెబ్బతినడం మొదలవుతుంది. అందుకని కిడ్నీలకూ కాలేయానికీ సీసపు దిమ్మెలు అడ్డం పెట్టేవారు. కిడ్నీని కాపాడే దిమ్మె దానికి ఎదురుగా ఉన్న క్యాన్సర్‌నూ కాపాడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. పొలం గట్టు మీద ఒక మోడు ఉంటే నిప్పు పెట్టి కాల్చేయవచ్చు. తుంగ చేనంతా వరి దుబ్బుల మధ్య అల్లుకుపోయినప్పుడు నిప్పు పెడితే తుంగకన్నా ముందు వరి పోతుంది.

ఈ మాట ఊహించి చెప్పినది కాదు. 1970లలో కెనడాలోని టొరంటోలో ప్రిన్సెస్ మార్గరెట్ ఆసుపత్రి వైద్యులు, మరికొన్ని దేశాల వారు మొత్తం పొట్టకు రేడియేషన్ ఇచ్చి చూశారు. కోబాల్టు యంత్రంతో పొట్టను అడ్డ పట్టీలుగా విడదీసి రోజుకు కొంత కొంత జరుపుకుంటూ ఇచ్చిన పద్ధతి ఒకటి, మొత్తం పొట్టకు ఒకేసారి ఇచ్చిన పద్ధతి ఇంకొకటి. ఆపరేషన్ తరవాత కంటికి ఏమీ మిగలని, లేదా చాలా కొద్దిగా మిగిలిన వారిలో కొందరు దానితో చాలా ఏళ్లు బతికారు, వారిలో పూర్తిగా నయమైనవారూ ఉన్నారు. ఆ నిజం దాచకూడదు. ఉండలు పెద్దవిగా మిగిలిపోయిన వారిలో, అంటే మీ అమ్మగారిలాంటి వారిలో మాత్రం అది పనిచేయలేదు. రేడియోధార్మిక భాస్వరాన్ని ద్రవంగా పొట్టలోకి పోసే ప్రయత్నమూ జరిగింది. అది పొట్టంతా సమానంగా పరుచుకోకపోవడం, పేగులు అతుక్కుపోయి మూసుకుపోవడం వంటి ఇబ్బందులతో దాన్నీ వదిలేశారు.

అదే రోజుల్లో ప్లాటినం మందులు వచ్చాయి. వాటి పుట్టుక కథ మీ అమ్మగారికి నచ్చవచ్చు, అందులో నిజమైన కరెంటు ఉంది. అమెరికాలోని మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియా ఉన్న ద్రావణంలో ప్లాటినం కడ్డీలు ముంచి విద్యుత్తు పంపిస్తే, ఆ సూక్ష్మజీవులు రెండుగా విడిపోవడం మానేసి దారాల్లా సాగిపోయాయి. విద్యుత్తు చేసిన పని అనుకుని వెతికితే అది విద్యుత్తు కాదని, కడ్డీల నుంచి కరిగి నీళ్లలో కలిసిన ప్లాటినం లవణమని తేలింది. ఆ ఫలితం 1965లో అచ్చయింది. అందులోంచి వచ్చిన సిస్‌ప్లాటిన్‌కు 1978లో అమెరికాలో అనుమతి దొరికింది. దాని తమ్ముడు కార్బోప్లాటిన్ 1989లో వచ్చింది. రెండో మందు పాక్లిటాక్సెల్, యూ అనే చెట్టు బెరడు నుంచి తీసినది. దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించిన వారిలో ఒకరైన మన్సుఖ్ వాణి మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టినవాడు. 1992లో ఈ మందుకు మొట్టమొదట అనుమతి వచ్చింది కూడా ఓవరీ క్యాన్సర్‌కే. ఆపరేషన్ తరవాత గడ్డలు మిగిలిన ముదిరిన దశ రోగుల్లో సిస్‌ప్లాటిన్‌తో పాత మందు సైక్లోఫాస్ఫమైడ్ కలిపి ఇస్తే సగం మంది 24 నెలలు దాటితే, దాని బదులు పాక్లిటాక్సెల్ కలిపినప్పుడు సగం మంది 38 నెలలు దాటారని 1996లో వచ్చిన పరీక్ష చూపింది. సిస్‌ప్లాటిన్ స్థానంలో కార్బోప్లాటిన్ వాడినా ఫలితం తగ్గదని, వాంతులు, కిడ్నీ ఇబ్బందులు తగ్గుతాయని 2003లో తేలింది. మీ అమ్మగారికి రాసిన చీటీలో ఉండేది బహుశా ఈ జంటే.

మందు రక్తంలో కలిసి రవ్వ ఎక్కడెక్కడ రాలిందో అక్కడికల్లా చేరుతుంది. డయాఫ్రమ్ అడుగున ఉన్న గింజకూ, కిడ్నీ ముందున్న గింజకూ తేడా చూడదు. ఈ జబ్బులో కీమో గెలిచింది రేడియేషన్ కంటే బలమైనదని కాదు, జబ్బు ఉన్న చోటల్లా అది ఉండగలదని. పదిమందిలో ఏడెనిమిది మందికి మొదటి విడతలో జబ్బు బాగా లొంగుతుంది. అయితే మూడో దశలో ఉన్నవారిలో ఎక్కువమందికి కొన్ని నెలలకో కొన్నేళ్లకో మళ్లీ తిరగబెడుతుందని కూడా మీకు ముందే చెప్పడం న్యాయం. తిరగబెట్టిన నాడు ‘అప్పుడే కరెంటు పెట్టించి ఉంటే’ అని మామయ్య గారు అనకుండా ఉండాలంటే ఈ విషయం ఆయనకూ ఇప్పుడే తెలియాలి.

ముందు కీమో, నడుమ ఆపరేషన్ అన్న వరస గురించి మీరు అడగలేదు కానీ, చాలామంది అక్కడే పొరబడతారు. పొట్ట నిండా నీరు, మనిషి నీరసం ఉన్నప్పుడు నేరుగా పెద్ద ఆపరేషన్‌కు దిగడం కన్నా మూడు కీమోలతో జబ్బును తగ్గించి ఆపరేషన్ చేస్తే, ఆయుష్షు విషయంలో ఫలితం సమానంగా ఉంటూ ఆపరేషన్ ప్రమాదాలు తక్కువగా ఉంటాయని 2010లో వెలువడిన ఐరోపా, కెనడా పరీక్షలో కనిపించింది. మూడు కీమోల తరవాత నీరు తీసిపోయి, అన్నం సయించి, సీఏ-125 వందలోపుకో యాభైలోపుకో దిగుతుంది. సరిగ్గా అప్పుడే ‘తగ్గిపోయింది కదా, ఇంక కోయడం ఎందుకు’ అని కొందరు ఇంటికి వెళ్లిపోతారు. దయచేసి ఆ పని చేయకండి. కంటికి ఏమీ మిగలకుండా తీయగలిగిన ఆపరేషన్ ఈ జబ్బులో మందులంత ముఖ్యమైనది.

ఇక జుట్టు. పాక్లిటాక్సెల్‌కు జుట్టు ఊడుతుంది, ఇందులో సందేహం పెట్టి ఆమెకు ఆశ కల్పించకండి. మొదటి డోసు తరవాత రెండో వారం చివర, మూడో వారం మొదట్లో దిండు మీద, దువ్వెనలో గుప్పెళ్లుగా కనిపిస్తుంది; కనుబొమ్మలు కూడా పలచబడతాయి. కీమో అయిపోయిన మూడు నాలుగు నెలలకు మళ్లీ పొట్టిగా మొలుస్తుంది, కొందరికి ముందుకంటే ఉంగరాలుగా వస్తుంది. నా దగ్గర వైద్యం చేయించుకునే వారిలో కొందరు ఊడేదాకా ఎందుకని ముందే తిరుమలకో యాదగిరిగుట్టకో వెళ్లి తలనీలాలు ఇచ్చి వస్తారు. ఊడిపోయిన జుట్టుకూ ఇచ్చివచ్చిన జుట్టుకూ మనసులో తేడా ఉంటుందని ఒకావిడ నాతో అన్నారు. వెళ్లదలిస్తే మొదటి డోసుకు ముందే వెళ్లాలి. డోసు తరవాత రెండో వారంలో తెల్లకణాలు బాగా తగ్గుతాయి కాబట్టి అప్పుడు క్యూ లైన్లలో నిలబడకూడదు. ఆ రోజుల్లో జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మీ అమ్మగారు ఊహించుకుంటున్న ‘సెలైన్లు’ ఎలా ఉంటాయో కూడా చెబుతాను. ఉదయం రక్తపరీక్ష చూసి, అలర్జీ రాకుండా, వాంతి రాకుండా ఇంజెక్షన్లు ఇస్తారు. అవి ఇచ్చాక చాలామందికి నిద్ర ముంచుకొస్తుంది. పాక్లిటాక్సెల్ మూడు గంటలు, ఆ తరవాత కార్బోప్లాటిన్ అరగంట నుంచి గంట. సాయంత్రానికి ఇంటికి వెళ్లవచ్చు. మూడోనాడు ఒళ్లు, కీళ్లు నొప్పులు, ఒకటి రెండు రోజులుంటాయి. ఇలా మూడు వారాలకు ఒకసారి. జుట్టుకన్నా నేను జాగ్రత్తగా కనిపెట్టేది వేళ్ల తిమ్మిర్లను: పిన్నీసు పెట్టుకోలేకపోతున్నా, కాలి చెప్పు జారిపోయినా తెలియకపోతున్నా వెంటనే చెప్పమనండి, మోతాదు మార్చవలసి ఉంటుంది. రేడియేషన్‌కైతే ఇవేవీ ఉండవని ఆమె అనుకుంటున్నట్టుంది. మొత్తం పొట్టకు రేడియేషన్ ఇచ్చిన రోజుల్లో విరేచనాలు, వాంతులతో, తగ్గిపోయిన రక్తకణాలతో వైద్యం మధ్యలోనే ఆపవలసి వచ్చినవారు తక్కువేం కాదు.

ఖర్చు విషయానికొస్తే కీమో, ఆపరేషన్ రెండూ ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పథకాల కింద ఉన్నాయి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి రోజే కలిసి కాగితాలు పెట్టించండి.

ప్రశ్న: నేను అమెరికాలో డాలస్‌లో ఉంటాను. గుంటూరులో ఉన్న మా అమ్మకు ఓవరీ క్యాన్సర్ మూడో దశకు ఆపరేషన్, ఆరు కీమోలు పూర్తయ్యాయి. ఇప్పుడు స్కానులో ఏమీ లేదు. ఇక్కడ ప్రోటాన్ రేడియేషన్ చాలా కచ్చితంగా తగులుతుందని, పక్క అవయవాలకు హాని ఉండదని అంటున్నారు. మళ్లీ రాకుండా ముందుజాగ్రత్తగా అది ఇప్పిస్తే మంచిదా? ఎంత ఖర్చయినా ఫరవాలేదు.
– ఒక పాఠకుడు

జవాబు: కచ్చితత్వం ఎప్పుడు ఉపయోగపడుతుందంటే గురి ఎక్కడో తెలిసినప్పుడు. మీ అమ్మగారి స్కానులో ఇప్పుడు గురి లేదు. మిగిలి ఉంటే అవి ఎక్కడ ఉన్నాయో ఏ యంత్రమూ చూపలేని కణాలు. వాటి కోసం కిరణాన్ని ఎంత సన్నగా చెక్కినా మళ్లీ మొత్తం పొట్టకే తిప్పవలసి వస్తుంది, అప్పుడు పైన చెప్పిన పేగులు, కాలేయం, కిడ్నీల పరిమితులే అడ్డం వస్తాయి. కీమో తరవాత అదనపు కాపుగా మొత్తం పొట్టకు రేడియేషన్ ఇచ్చే ప్రయత్నాలు లోగడ జరిగాయి. పూర్తిగా జబ్బు పోయిన వారిలో తిరగబెట్టడం కొంత ఆలస్యమైందని ఒక స్కాండినేవియా పరీక్షలో కనిపించింది కూడా. కానీ అది పాక్లిటాక్సెల్ ఇంకా వాడుకలోకి రాని రోజుల మాట, పేగుల ఇబ్బందుల వల్ల అది వాడుకగా నిలవలేదు. మీ డబ్బును నేనైతే ప్రోటాన్ మీద పెట్టను.

పెట్టవలసిన చోటు ఇంకొకటి ఉంది. మీ అమ్మగారికి బీఆర్‌సీఏ జన్యు పరీక్ష చేశారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. ఓవరీలోని ఎపిథీలియల్ క్యాన్సర్ (పైపొర కణాల్లో పుట్టేది, ఎక్కువమందిలో కనిపించే రకం) వచ్చిన ప్రతి స్త్రీకీ, కుటుంబంలో ఎవరికీ క్యాన్సర్ లేకపోయినా, ఈ పరీక్ష చేయాలి. ఆ జన్యువులో లోపం ఉన్న క్యాన్సర్ కణానికి తెగిన డీఎన్‌ఏను సరిగా అతికించుకునే దారి ఒకటి మూసుకుపోయి ఉంటుంది. ఒలాపరిబ్ వంటి పార్ప్ నిరోధక మాత్రలు మిగిలిన రెండో దారినీ మూసేస్తాయి. ప్లాటినం కీమోకు బాగా స్పందించిన ఇలాంటి 391 మంది మీద జరిగి 2018లో ప్రకటించిన పరీక్షలో, మూడేళ్లకు జబ్బు ముదరకుండా ఉన్నవారు మాత్ర వాడిన వారిలో నూటికి 60 మంది, వాడని వారిలో 27 మంది. కీమో అయిన కొన్ని వారాల లోపే మొదలుపెట్టవలసిన మాత్ర ఇది కాబట్టి ఆలస్యం చేయకండి. పరీక్షలో లోపం బయటపడితే మీకూ మీ తోబుట్టువులకూ కూడా అదే పరీక్ష అవసరమవుతుంది. మగవాడినని మీరు తప్పించుకోలేరు, ఆ లోపం తండ్రి నుంచి కూతురికీ వెళుతుంది.

ప్రశ్న: నా భార్యకు 61 ఏళ్లు. మూడేళ్ల కిందట ఓవరీ క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో చేశారు. పద్నాలుగు నెలలకు తిరగబెడితే మళ్లీ అవే మందులు ఇచ్చారు. ఈసారి నాలుగు నెలలకే మళ్లీ వచ్చింది. యోని మార్గం పైభాగంలో గడ్డ ఉందని, దాని నుంచి రోజూ రక్తం పోతోందని చూసి, ఇప్పుడు అయిదు రోజులు రేడియేషన్ పెడదామంటున్నారు. మొదట్లో రేడియేషన్ దీనికి కాదని చెప్పినవారే ఇప్పుడు ఇలా ఎందుకు అంటున్నారు? ఇక చేయగలిగింది ఏమీ లేదని చెప్పలేక ఇలా చేస్తున్నారా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి జిల్లా

జవాబు: మీ అనుమానం నాకు అర్థమైంది. రెండు మాటలూ నిజమే, వాటి మధ్య వైరుధ్యం లేదు. ఓవరీ క్యాన్సర్ కణం రేడియేషన్‌కు లొంగనిది కాదు. మొత్తం పొట్టకు చాలినంత ఇవ్వలేకపోవడమే ఇబ్బంది. ఇప్పుడు మీ ఇంట్లో బాధ పెడుతున్నది ఒకే చోటు, చేతికి తెలిసే చోటు. ఆ చోటుకు అయిదు రోజుల్లో 20 గ్రేలు ఇస్తే పేగులకూ కిడ్నీలకూ పెద్దగా ఇబ్బంది లేకుండా గడ్డలోని రక్తనాళాలు మూసుకుపోతాయి. చాలామందిలో కొద్ది రోజుల నుంచి రెండు వారాల లోపు రక్తం ఆగుతుంది లేదా బాగా తగ్గుతుంది. ఎముకలోకి చేరి నొప్పి పెడుతున్నప్పుడు ఒకే ఒక్క సిట్టింగులో 8 గ్రేలు ఇచ్చి ఉపశమనం కలిగించడం, మెదడులోకి పాకినప్పుడు ఇవ్వడం కూడా ఇలాంటివే. ఎక్కడో ఒకే ఒక్క లింఫు గ్రంథిలో తిరగబెట్టినవారికి ఎక్కువ మోతాదును గురి చూసి ఇచ్చి, కీమోను కొంతకాలం వాయిదా వేయడమూ ఇప్పుడు జరుగుతోంది. మీ భార్య పరిస్థితి అది కాదు.

మీరు నేరుగా అడిగారు కాబట్టి నేరుగానే చెబుతాను. ప్లాటినం కీమో అయిన ఆరు నెలల లోపే తిరగబెడితే ఆ మందుకు జబ్బు అలవాటు పడినట్టు లెక్క. మొదటిసారి పద్నాలుగు నెలలు దొరికాయి కాబట్టే అవే మందులు మళ్లీ ఇచ్చారు, అది సరైన నిర్ణయమే. ఈసారి నాలుగు నెలలే. ఇకపై ఇచ్చే మందులు వేరుగా ఉంటాయి, అవి జబ్బును కొంతకాలం అదుపులో పెట్టవచ్చు కానీ పూర్తిగా తీసేయడానికి కాదు. ఈ రేడియేషన్ కూడా నయం చేయడానికి కాదు, ఆమె రోజూ రక్తం చూసి భయపడకుండా, రక్తం ఎక్కించుకోవడానికి పదే పదే ఆసుపత్రికి పరుగెత్తకుండా ఉండడానికి. అది చిన్న విషయం అని నేను అనుకోను. పెట్టించండి. ఈలోగా రక్తం ఒక్కసారిగా ఎక్కువగా పోతే మాత్రం సిట్టింగు రోజు కోసం ఎదురుచూడకుండా అదే రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆమెకు నొప్పి ఉంటే, ఓర్చుకోమని చెప్పకుండా ఉపశమన వైద్య విభాగానికి తీసుకెళ్లండి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో అలాంటి విభాగం ఉంది. మీకు దగ్గరలో విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో అడిగి చూడండి. మార్ఫిన్ పేరు వినగానే చాలామంది భర్తలు, కొడుకులు అలవాటైపోతుందని వెనక్కి తగ్గుతారు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడే మార్ఫిన్ మత్తుకు బానిసను చేయడం చాలా అరుదు. మలబద్ధకం మాత్రం తప్పకుండా చేస్తుంది, దానికి మొదటి రోజు నుంచే విరేచన మందు అడగండి.

ప్రశ్న: మా అత్తయ్యగారికి పై ప్రశ్నలో లాంటి రేడియేషనే నడుస్తోంది. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. ఆమె ఒంటి నుంచి కిరణాలు పాపకు తగులుతాయని పక్కింటివాళ్లు అంటుంటే ఆమెను వేరే గదిలో, వేరే కంచంలో ఉంచుతున్నాం. ఎన్ని రోజులు అలా ఉంచాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఒక్క రోజు కూడా అక్కరలేదు. బయటి యంత్రం నుంచి ఇచ్చే రేడియేషన్ యంత్రం ఆగిన క్షణంలో ఆగిపోతుంది. ఒంట్లో ఏమీ మిగలదు, చెమటలోకీ మూత్రంలోకీ రాదు. థైరాయిడ్ క్యాన్సర్‌కు తాగించే రేడియో అయొడిన్ విషయంలో కొన్నాళ్లు దూరంగా ఉంచుతారు, పక్కింటివాళ్లు ఆ మాట ఎక్కడో విని ఉంటారు. కీమో తీసుకుంటున్నవారి విషయంలోనూ పిల్లలను ముట్టుకోవడానికి అడ్డు లేదు. మందు ఎక్కించిన రెండు మూడు రోజులు మరుగుదొడ్డి వాడాక నీళ్లు ఎక్కువగా పోయడం, ఆ బట్టలు విడిగా ఉతకడం చాలు. నిజానికి భయపడవలసింది ఇటువైపు నుంచి కాదు, పాపకు జలుబో దగ్గో ఉన్న రోజుల్లో అత్తయ్యగారికే అది అంటకుండా చూసుకోవాలి. మిగతా రోజుల్లో పాపను ఆమె ఒళ్లోనే పడుకోబెట్టండి.